తొమ్మిది రెట్ల వేగం

ఆ ఉదయం కార్విన్ పథకం చాలా సులువు. డిస్క్ ఇమేజిలో, అంటే ఉత్తుత్తి డిస్కులో, వేగం కొలిచే ప్రోగ్రాము పెట్టడం, దాన్ని సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి యంత్రంలో నడిపించడం, మధ్యాహ్నానికి ప్రొఫెసర్ ఇంగ్రిడ్ చేతిలో గ్రాఫు పెట్టడం. ల్యాబువాళ్ళ కొత్త చిప్పు ఇంకా కాగితం మీదే ఉంది. దాని వేగం తేల్చాల్సింది ఈ ఉత్తుత్తి యంత్రమే. గ్రాఫు బాగుంటే ఈ వసంతంలోనే డాక్టరేటు. లేకపోతే విస్కాన్సిన్ మంచులో మరో ఏడాది.

ఉత్తుత్తి యంత్రం బూట్ అవడానికి ఒక పూట పడుతుంది. అందుకే ఒకసారి బూట్ చేసి, ఆ స్థితిని దాచుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే నడిపించడం ల్యాబు ఆచారం. కార్విన్ ముందురోజే దాచుకున్నాడు. ప్రోగ్రామును మాత్రం ఇవాళ పెట్టాడు. వరస తారుమారైందన్న అనుమానం అతనికి రాలేదు. తన మీద తనకు అనుమానం వచ్చిన సందర్భం ఇంతవరకూ లేదు.

కాఫీ సగం తాగేసరికి ఫలితం వచ్చేసింది. పాత చిప్పు కంటే తొమ్మిది రెట్ల వేగం.

"రెండు రెట్లు వస్తే చాలనుకున్నాం కదయ్యా," అంది ఇంగ్రిడ్. "ఎక్కడైనా పొరపాటు జరిగిందేమో."

"నేనే దగ్గరుండి చేశానండీ," అన్నాడు కార్విన్, అంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నట్టు.

ఆవిడ డీన్‌కు చెప్పింది. డీన్ ఊరుకోక, చిప్పులు చేసే ఓ పెద్ద కంపెనీకి కబురు పెట్టాడు. శుక్రవారానికల్లా ఆ కంపెనీ ఇంజనీరు మారిబెత్ చీజ్ ముక్కల పళ్ళెం ముందు కూర్చుని ఉంది. కార్విన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్రాఫు పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"బాగుంది బాబూ," అంది మారిబెత్. "చివర్లో ప్రోగ్రాము ఏం జవాబిచ్చిందో అదొక్కటీ చూపించు."

కార్విన్ ధీమాగా తెరిచాడు. తెరమీద ఒకే వాక్యం: అలాంటి ప్రోగ్రాము ఏదీ లేదు.

ముందే దాచిన యంత్రానికి తర్వాత పెట్టిన ప్రోగ్రాము సంగతేం తెలుసు? వెతికింది, లేదంది, ఆగిపోయింది. తొమ్మిది రెట్ల వేగంతో జరిగిన పని అదే.

"నా పరువు తీశావు కదయ్యా," అంది ఇంగ్రిడ్ గొంతు తగ్గించి. కార్విన్‌కు డాక్టరేటు చేతిదాకా వచ్చి జారిపోయిందని ఏడుపొచ్చింది.

మారిబెత్ మాత్రం కోప్పడలేదు. "స్థితి దాచాక ప్రోగ్రాము పెట్టావా?" అని అడిగింది.

"అవునండీ."

"మేమూ అంతే చేశాం," అంటూ ఆవిడ తన ఆఫీసుకు ఫోను చేసింది. "ఏమయ్యా, మన చిప్పుకు పదకొండు రెట్ల వేగమని మొన్న పేపర్లకిచ్చాం చూడు, అది ఎవరెవరు అచ్చు వేశారో కాస్త కనుక్కో."

కార్విన్ డాక్టరేటు ఒక చలికాలం వెనక్కి పోయింది. ఆ కంపెనీ చిప్పు, రెండు చలికాలాలు.