తొమ్మిది గుంతలు, ఎనభై గుంటలు

కొడిమ్యాల నుంచి జగిత్యాల వైపు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన అదృష్టవంతులకు, ఎనభై తొమ్మిదో సంవత్సరంలో ఎడమచేతి వైపు ఒక గోల్ఫు మైదానం కనిపించేది. నమ్మబుద్ధి కాకపోతే మానండి; పై అధికారులు కూడా నమ్మలేదు. వాళ్ల కాగితాల్లో అది సాయుధ బలగాల శిబిరం వారి తుపాకీ సాధన స్థలం.

ప్రజల్లో ధైర్యం నింపడానికి వెలసిన శిబిరం అది. దాని కమాండెంటు గారికి రోజూ ఐదు మైళ్లు నడవమని డాక్టరు రాసిచ్చాడు. ఆ రోజుల్లో ఆ తొవ్వల్లో ఐదు మైళ్లు నడవాలంటే ముందొక లారీ, వెనకొక లారీ జవాన్లు కావాలి. అందుకని ఉన్నచోటనే తిరిగే ఆట ఎంచుకున్నారు. నలభైమంది తుపాకులతో చుట్టూ నిలబడగా, ప్రాంతంలో శాంతి నెలకొందని నిరూపిస్తూ ఆయన బంతి కొట్టేవారు.

మైదానం అమరిక చూసి తీరవలసింది. ఒకటో గుంత ఇసుకబస్తాల మోర్చా పక్కన. మూడోది ఎండిన బావి అంచున. బంతి బావిలో పడితే జవాన్లను తాడు కట్టి దించేవారు. ఈ ఆటకు పచ్చిక కావాలట. అక్కడ మొలవదు కనుక, ఇసుకలో వాడేసిన ఇంజను ఆయిల్ కలిపి చదును చేసి, దాన్ని పచ్చిక అని పిలవాలని ఉత్తర్వు జారీచేశారు. నల్ల పచ్చిక. ఇక ఆరో గుంత నుంచి ఎనిమిదో గుంత దాకా సామేలు చెలుక, వానను నమ్ముకున్న మెట్ట చేను.

సామేలు చెలుక అంటే కాగితాలు నవ్వుతాయి. వాటి ప్రకారం అది రైతుకూలీ సంఘాల భయానికి హైదరాబాదు తరలిపోయిన పురుషోత్తం రావు దొరది. బీడుగా పడావు పడ్డ ఆ రెండెకరాల్లో, అంటే ఎనభై గుంటల్లో, సామేలు రాళ్లేరి ఐదేళ్లు నువ్వులు పండించాడు. ఇంట్లో భార్య పేరే భూదేవి. భూమి ఒక్కటే ఆయన పేర లేదు. సాగు చేస్తున్నది తానేనని రాయమంటే ఊరి సాగు లెక్క పహాణీ రాసే హన్మండ్లు సారు ఏటా ఒకటే మాట.

"నువ్వు దున్నంగ ఎవలు జూసిండ్రురా? గవాయి తే, రాస్త."

చెలుకను మైదానంలో కలిపేసుకున్న శిబిరం మాత్రం సాక్షిని అడగకుండానే సామేలు అనుభవాన్ని గుర్తించింది. ఆ నేలలో ప్రతి రాయీ తెలిసినవాడని బంతులు వెతికే పదవి ఇచ్చింది. నువ్వులు చల్లిన చోట బంతులు ఏరుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

గుంత దూరానికి కనబడాలంటే జెండా ఉండాలి. కొత్త గుడ్డకు పైనుంచి మంజూరు కావాలి. కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్లలో జప్తు చేసిన ఎర్రజెండాలు స్టోరు గదిలో మూటలకొద్దీ మూలుగుతుంటే మంజూరెందుకు? తొమ్మిది గుంతల్లో తొమ్మిది ఎర్రజెండాలు లేచాయి. దొర భూమిలో ఎర్రజెండా లేచిందంటే సంఘం ఆ భూమిని పట్టుకుందని, దొర నాగలి ఇక దిగదని అక్కడి పసిపిల్లలకూ తెలుసు. జెండాలు పీకడం తెలిసిన శిబిరానికి, పాతితే ఏమవుతుందో తెలియదు.

కోరుట్లలో పెళ్లికని బస్సెక్కిన పురుషోత్తం రావు కిటికీలోంచి చూశారు. తన భూమి నిండా ఎర్రజెండాలు. మధ్యలో ఒక జెండా చేతబట్టుకుని సామేలు! కమాండెంటు గారు బంతిని గుంతలోకి దొర్లించేటప్పుడు జెండా పీకి పట్టుకోవడం బంతులవాడి విధి. ఆయనేమో వంగి గురి చూస్తున్నారు కనుక బస్సుకు కనబడలేదు. కనబడింది చుట్టూ ఉన్న తుపాకులే. దొర ఆ తుపాకులవాళ్లను నక్సలైట్ల దళం అనుకున్నారు.

ఫిర్యాదు అందింది, విచారణకు పెద్ద అధికారి దిగాడు. నిజం చెబితే తుపాకీ సాధన స్థలంలో ఈ గుంతలేమిటన్న ప్రశ్న లేస్తుంది. కమాండెంటు గారు రాత్రికి రాత్రి గుంతలు పూడ్పించి, తెల్లారి ఉపన్యసించారు: "మా కళ్లెదుటే తీవ్రవాదులు తొమ్మిది జెండాలు పాతే దుస్సాహసం చేశారు. ప్రాణాలకు తెగించి వాటిని స్వాధీనం చేసుకున్నాం!"

ఒకసారి జప్తయిన జెండాలు రెండోసారి జప్తయ్యాయి. ఆయనకు పతకం, సామేలుకు పథకం ప్రకారం బేడీలు. నేరం: తీవ్రవాదుల అండతో దొర భూమిని ఆక్రమించి దున్నడం.

కోర్టు వరండాలో వకీలు సామేలు చెవిలో చెప్పాడు. "గా చెలుకల ఎన్నడు కాలు వెట్టలేదను. ఇయ్యాల్నే ఇంటికి వోతవ్. దున్నిన అన్నవో, మూడేండ్లు లోపటనే."

ముందుగా పురుషోత్తం రావు బోనెక్కి ప్రమాణం చేశారు. "ఐదేండ్ల సంది గీ సామేలే నా భూమి దున్నుతుండు. రెండెకరాలు. ఊరంత గవాయి."

వెనక బెంచీ మీది భూదేవి లేచి నిలబడింది. "ఏమయ్యో, ఇన్నవా? దొర నోట్లెకెళ్లే అచ్చింది! హన్మండ్లు సారు అడిగిన గవాయి గిదే గాదు?"

వకీలు నెత్తి కొట్టుకున్నాడు. "ఓ అవ్వా, ఊకో! నీ పెనిమిటి జైలుకు వోతడే!"

"మనిషి వోతే మూడేండ్లకు అస్తడు సారూ. భూమి వోతే ఎన్నేండ్లకు అస్తదో మీరు జెప్పుండ్రి."

జడ్జి గారు సామేలు వైపు తిరిగారు. "ఆ భూమి నువ్వు సాగు చేస్తున్నావా?"

సర్కారు మనిషి నోట ఆ ప్రశ్న వినడం సామేలు జన్మలో అదే మొదలు. కట్టుకున్న చేతులు విప్పాడు.

"నేనే సార్. ఐదేండ్లు నేనే దున్నిన. మా నాయిన పేరు గంగారాం. సర్వే నంబరు సుత రాయుండ్రి."

మూడేళ్లు పడింది. తీర్పు నకలులో సామేలు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఐదేళ్ల సాగు, అన్నీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా, గుండ్రటి ముద్రతో సహా వచ్చాయి. పాసుపుస్తకంలో ఇంటిపేరు మారిందని, రెండెకరాలు ఎకరమైందని చెప్పులరిగేలా తిరుగుతున్న పాఠక మహాశయులు గమనించగలరు. బీదవాడి భూమి వివరాలు తప్పుల్లేకుండా రాసే కచేరి మన దగ్గర ఒకటుంది. దానికి దరఖాస్తు అక్కరలేదు. వాళ్లే జీపులో వచ్చి తీసుకుపోతారు.