తేసిక్ గారి కొండప్రయాణం

మంగళవారం ఉదయం సరిగ్గా పది గంటలకు గాయకుడు చోయ్ హారం పాటకచేరీ టికెట్లు ఇంటర్నెట్టులో అమ్మకానికి వస్తాయి. దేగు నగరంలో ఓ పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో తేసిక్ ఆరింటికే లేచి, కంప్యూటరు తుడిచి, కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. సీటు సరిగ్గా లేనిదే ఏ పనీ మొదలుపెట్టడు.

వచ్చే నెల భార్య ఓక్సున్‌కి అరవయ్యేళ్ళు నిండుతాయి. చోయ్ హారం పాట వినకుండా ఆమె ఏనాడూ బియ్యం కడగలేదు. "ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలండీ" అని ఇరవయ్యేళ్ళుగా అడుగుతోంది. ఈయన ఇరవయ్యేళ్ళుగా "చూద్దాం" అంటున్నాడు. పోయినేడాది ఆమెకు చెప్పకుండా ప్రయత్నిస్తే ఆన్‌లైన్ వరుసలో నలభై ఒక్క వేల చిల్లర నంబరు వచ్చింది. తప్పు తన వేళ్ళదని తేసిక్ ఒప్పుకోలేదు. పదకొండేళ్ళ కిందటి ఇంటర్నెట్టుదే అని తేల్చాడు.

ఆ ఊళ్ళో వేగం పెంచమని అడిగినవాడికి బిల్లు పెరుగుతుంది, మానేస్తానని బెదిరించినవాడికి వేగం పెరుగుతుంది. ఈ సంగతి క్షౌరశాల క్వాక్ ఆయనకు విడమరిచి చెప్పాడు. "పక్క కంపెనీ వాళ్ళు బహుమతులిస్తామంటున్నారు, వెళ్ళిపోతానను. కాళ్ళబేరానికొస్తారు. నిజంగానే వదిలించుకోవాలంటే మాత్రం, వాళ్ళ లైను లేని కొండల్లోకి మకాం మారుస్తున్నానను. జరిమానా కూడా లేకుండా వదిలేస్తారు." అప్పుడు తేసిక్ ముఖం మీద వేడి తువ్వాలు ఉంది. రెండు సలహాలూ కలిసిపోయి ఒకటిగా బుర్రకెక్కాయి.

వండిన కూరలమ్మే దుకాణంలో పనికి ఓక్సున్ వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి తేసిక్ ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల సంగీతం తర్వాత ఒకమ్మాయి పలికింది.

"చెప్పండి కస్టమర్ గారూ!"

"కనెక్షన్ తీసేయించుకోవాలమ్మా."

"అయ్యో, పదకొండేళ్ళ నుంచి మాతో ఉన్నారే! ఎందుకండీ?"

ఇక్కడ పక్క కంపెనీ పేరెత్తాలి. పదకొండేళ్ళు ఒకరి ఉప్పు తిని ఇంకొకరి పేరెత్తడానికి ఆయనకు నోరు రాలేదు. "కొండల్లోకి వెళ్ళిపోతున్నానమ్మా" అనేశాడు. ఏ ఊరని అడిగితే, ముందురోజు టీవీలో ఒక గడ్డపాయన మూలికలు తవ్వుకుంటున్న లోయ పేరు చెప్పాడు.

"మీరొక్కరేనా, ఇంట్లో అందరూనా?"

అందరూ అంటే ఓక్సున్ ఫోను కూడా తీసేస్తారేమోనని భయం వేసింది. "ఒక్కణ్ణే."

"మా నాన్నగారూ ఇలాగే వెళ్ళిపోయారండీ" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "అక్కడికి మా లైను లేదు. జరిమానా లేకుండా ఇప్పుడే తీయించేస్తాను. ఒంటరిగా ఉంటారు, నిప్పుతో జాగ్రత్త."

"అంత తొందరేం లేదమ్మా! నువ్వు కాస్త ఆపి చూడకూడదూ?"

"మా నాన్నని ఆపి చూశాం కదండీ" అని నిట్టూర్చి, ఆ అమ్మాయి మీట నొక్కింది.

తొమ్మిదీ ముప్ఫై ఎనిమిదికి ఇంటర్నెట్టు పెట్టె మీద పచ్చదీపం ఎర్రబడింది. తేసిక్ మళ్ళీ ఫోన్ చేశాడు. ముందు ముప్ఫై మంది ఉన్నారట, కంపెనీయే తిరిగి ఫోన్ చేయాలంటే ఒకటి నొక్కమన్నారు. నొక్కాడు. సెల్‌ఫోన్లోనైనా పని కానిద్దామని టికెట్ల పేజీ తెరుచుకుని కూర్చున్నాడు.

ఆయన మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆయన ఇంటర్నెట్టు, భార్య ఫోను, మరదలు మాల్సున్ ఫోను, మూడూ కలిపి ఒకే కుటుంబ ప్యాకేజీ కాబట్టి, ఏ మార్పు జరిగినా ముగ్గురికీ సందేశం వెళుతుంది. వెళ్ళింది కూడా. "మీ కుటుంబ పెద్ద తేసిక్ గారు ఒంటరిగా గాంగ్వన్ కొండల్లోకి నివాసం మార్చుకుంటున్నందున ఇంటి కనెక్షన్ రద్దయింది. వారి కొత్త జీవితానికి మా శుభాకాంక్షలు."

పదికి ఐదు నిమిషాలుండగా తలుపు తెరుచుకుంది. ఓక్సున్ చేతులకు కారంతో ఎర్రబడ్డ రబ్బరు తొడుగులు అలాగే ఉన్నాయి. వచ్చీ రాగానే ఆయన చేతిలో ఫోను లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది.

"నా మొహం చూసి చెప్పండి. ఎప్పటి నుంచి అనుకుంటున్నారు?"

"ఏం అనుకోవడం? నేను ఊరికే..."

"రోజూ రాత్రి టీవీలో ఆ కొండమనుషుల్ని చూస్తుంటే కాలక్షేపం అనుకున్నా. కాపురానికి కూడా రిటైర్మెంటు తీసుకుంటారనుకోలేదు!"

ఈ వయసులో విడాకులు లేకుండానే చెరో దారి చూసుకుంటున్న జంటలు ఆ అపార్టుమెంట్లోనే రెండున్నాయి. తేసిక్ నోరు తెరిచాడు. నిజం చెబితే పుట్టినరోజు కానుక కాస్తా బయటపడుతుంది. మళ్ళీ మూసేసుకుని గోడ గడియారం చూశాడు. ముల్లు పది మీదికి వచ్చింది.

"గడియారం చూస్తారేం? బస్సుకి టైమైందా?"

ఓక్సున్ తన ఫోను తీసి చెల్లెల్ని పిలిచి, "ఈయన నిజంగానే వెళ్ళిపోతున్నాడే" అని ఏడ్చి పెట్టేసింది. తర్వాత కుర్చీలో కూలబడింది. కోపం చప్పున దిగిపోయింది, అది చూసి ఆయనకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

"అక్కడ మీకు కిమ్చీ పచ్చడి ఎవరు పెడతారు?" అంది నెమ్మదిగా. "నాకు ఒక్క మాట చెబితే నేనూ వచ్చేదాన్నిగా."

ఇరవయ్యేళ్ళుగా "చూద్దాం" అన్న మనిషి వెంట ఈమె కొండల్లోకి కూడా వచ్చేదట. సిగ్గుతో తల దించుకుని మొత్తం చెప్పేశాడు. టికెట్లు, వేగం, క్వాక్, తువ్వాలు, కొండలు. ఓక్సున్ విని, తొడుగులతోనే ముఖం తుడుచుకోబోయి ఆగింది. కళ్ళనీళ్ళతోనే నవ్వింది. బోర్లా ఉన్న ఫోను తిప్పి చూస్తే పదీ పదకొండు. వరుసలో నంబరు లక్ష దాటింది.

అప్పుడే మాల్సున్ రొప్పుతూ లోపలికొచ్చింది. ఒక కాలికి చెప్పుంది, రెండోదానికి లేదు.

"బావగారూ! మా అక్కని ఈ వయసులో వదిలేసి పోతారా? అది ఫోన్లో ఏడుస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు!"

"ఎక్కడికీ పోవట్లేదే" అంది ఓక్సున్. "నా కోసం కచేరీ టికెట్లు కొనాలని చేశాడు ఈ వెర్రంతా."

మాల్సున్ గోడకు చేరగిలబడి, అలాగే నేల మీదికి జారింది.

"నేనూ అందుకేగా, ఎనిమిదింటి నుంచీ నెట్ సెంటర్లో కూర్చున్నాను! ఊళ్ళోకెల్లా వేగమైన సీటు. పది కొట్టగానే వరుసలోకెక్కాను. మూడొందల పదిహేడో నంబరు అక్కా! ముందు వరుసలో రెండు సీట్లు ఎంచుకుంటున్నా, నీ ఫోనొచ్చింది. అన్నీ వదిలేసి పరుగెత్తుకొచ్చేశా."

తేసిక్ మళ్ళీ గోడ గడియారం చూశాడు. తాను కదలకుండా, మెదలకుండా కూర్చుని ఉంటే చాలు, ఓక్సున్ వచ్చే నెల ముందు వరుసలో ఉండేది. పదకొండేళ్ళ ఇంటర్నెట్టు ఏ పాపమూ చేయలేదని తేసిక్‌కి అప్పుడు అర్థమైంది.

పదిన్నరకు ఫోను మోగింది. ఇంటర్నెట్టు కంపెనీ నుంచే, ఈసారి వేరే అమ్మాయి.

"మళ్ళీ పిలవమన్నారట కదండీ. ఇందాక మీతో మాట్లాడిన అమ్మాయి మీ గురించి ఏడ్చినంత పని చేసింది. మీలాంటి పాత కస్టమర్ని మేం వదులుకోం. వెళ్ళకుండా ఆగిపోతే వేగం పది రెట్లు చేస్తాం, ఏడాది పాటు ఉచితం. సరేనా అండీ?"

"సరే" అన్నాడు తేసిక్, ఏడుపు గొంతుతో.

పెట్టె మీద దీపం పచ్చబడింది. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని కుర్చీ ఎత్తు మరోసారి సరిచేసుకున్నాడు. ఒక పక్క భార్య, ఇంకో పక్క మరదలు నిలబడ్డారు. ఏ మూలైనా రెండు సీట్లు మిగిలాయేమోనని నొక్కాడు.

'టికెట్లన్నీ అయిపోయాయి' అన్న పేజీ రెప్పపాటులో తెరుచుకుంది.