రెండు తాళాల పెట్టె

ఆ ఉదయం లెక్కల మేష్టారి పథకంలో ఎక్కడా లొసుగు లేదు. కూతురు పెద్ద నర్సు అయినందుకు సాయంత్రం ఆసుపత్రిలో సభ. చనిపోయిన అమ్మ గొలుసు వేసుకునే వేదిక ఎక్కాలని ఆమె కోరిక. మేష్టారికేమో మడమ బెణికింది. ఊరి అవతల కూతురింటికి గొలుసు మోసుకెళ్ళడానికి దొరికింది బావమరిది ఒక్కడే. అతని చేతివాటం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎప్పుడో పరీక్షకని అక్క చేతి గడియారం అడిగి పట్టుకెళ్ళాడు. ఆ పరీక్ష ఇంకా అవుతూనే ఉంది.

"నా తాళం వేసి పెట్టె పంపుతా," అని మేష్టారు ఫోన్‌లో కూతురికి బోధించారు. "పక్కన నీ తాళం కూడా వేసి వెనక్కి పంపు. నాది తీసేసి మళ్ళీ పంపుతా. అప్పుడు నీది నువ్వు తీసుకో. ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గరే. మీ మామయ్య మొయ్యడం తప్ప ఏమీ చెయ్యలేడు."

రాత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన కూతురు "ఊఁ... సరే నాన్నా," అని ఆవులించింది.

మధ్యాహ్నానికి బావమరిది చెమటలు కక్కుతూ, రెండు తాళాల పెట్టెతో తిరిగొచ్చాడు. "బావా, ఈ పెట్టె..."

"పెట్టె సంగతి నీకెందుకు? మొయ్యి చాలు." మేష్టారు పెట్టె ఊపి చూశారు. లోపల చప్పుడైంది. తృప్తిగా తన తాళం తీసేశారు.

"ఇది కూడా ఇమ్మంది అమ్మాయి," అంటూ బావమరిది కూతురి తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. "ఇది లేకపోతే తన తాళం తియ్యడానికి నాన్నకి ఇబ్బందవుతుందట."

మేష్టారు మళ్ళీ లెక్క వేశారు. చెవి ఇతనితో పంపితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. పంపకపోతే పెట్టె తెరుచుకోదు.

"ఆటో పిలువు! నేనే వస్తా."

"అది కాదు బావా, నే చెప్పేది..."

"నోర్మూసుకుని భుజం పట్టు!"

అలా మేష్టారు పెట్టె చంకన పెట్టుకుని, ఎవరికి భయపడ్డారో వాడి భుజం మీదే వాలి, కుంటుకుంటూ కూతురింటికి చేరారు. అక్కడ పెట్టె తెరిస్తే లోపల భార్య చేతి గడియారం ఉంది. గొలుసు లేదు.

"గొలుసేదిరా?" అని మేష్టారు అరిచారు.

"పొద్దున్నుంచీ అదే చెబుతున్నా, వింటేగా!" బావమరిది లోపలి జేబులోంచి రుమాలు మూట తీశాడు. "మొదటిసారి బస్సు దిగుతుంటేనే పెట్టె అడుగు ఊడింది. తాళాలు చూసుకున్నావు గాని అడుగు చూసుకోలేదు నువ్వు. నొక్కి బిగించాను గాని, మళ్ళీ ఊడుతుందేమోనని గొలుసు జేబులో పెట్టుకున్నా. అమ్మాయికిద్దామంటే నిద్రమత్తులో తాళం వేసి, తలుపు కూడా వేసుకుంది. ఊపితే చప్పుడు రాకపోతే నువ్వు తట్టుకోలేవని అక్క వాచీ వేశా. అది ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది."

కూతురు నవ్వాపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ గొలుసు మెళ్ళో వేసుకుంది. మేష్టారు వాచీకి కీ ఇచ్చారు. ఆశ్చర్యం, నడిచింది. కాసేపు చెవి దగ్గర పెట్టుకుని విని, బావమరిది చేతిలో పెట్టారు.

"నీ దగ్గరే ఉండనీరా. మీ అక్క నీకే ఇచ్చింది."

మర్నాడు చూసుకుంటే మేష్టారి తాళంకప్ప కనిపించలేదు.