ఉచిత ప్లానులో పాతిక ఫారాలు

ఆ శనివారం పుష్పలత పెట్టుకున్న పని చిన్నదే. టేకులపల్లి ఇంటర్నెట్ సెంటర్‌లో తేనె సంఘం వెబ్‌సైట్ తెరిచి, అందరికీ చూపించి, మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరడం. ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి పిల్ల కాబట్టి సైటు బాధ్యత ఆమె మీద పడింది. హైదరాబాదులో కొట్టు నడిపే సంపత్ ఖండితంగా చెప్పాడు: మధ్యాహ్నంలోగా సైటులో ఆర్డర్ ఫారం కనబడాలి, లేకపోతే ఈ ఏడు తేనె వేరే ఊరి నుంచి తెప్పించుకుంటాడు. అడవంతా తిరిగి తెచ్చిన తేనె, నలభై డబ్బాలు, సంఘం గదిలో ఉంది.

ఉచిత ప్లాను షరతులు ఆమె రెండుసార్లు చదివింది. ఐదు పేజీలు, నెలకు నింపి పంపగలిగేవి పాతిక ఫారాలు. పాతికమంది అడిగితే అదే పదివేలనుకుంది.

సంఘం అధ్యక్షురాలు భీమక్క చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చింది. వెనక ముప్పై మంది. తెర మీద తమ అడవి తేనెపట్టు కనబడగానే అందరూ ముందుకు తోసుకొచ్చారు.

"ఇది హైదరాబాద్‌ల గూడ కనబడ్తదా బిడ్డా?" అంది భీమక్క.

"దునియా మొత్తం కనబడ్తది పెద్దమ్మా."

"గట్లయితే సర్కారుకు గూడ కనబడ్తది!"

సెల్లులో బ్యాలెన్స్ లేక పుష్పలత రీచార్జికి బస్టాండు దాకా వెళ్ళింది. సెంటర్ యజమాని మంగీలాల్ ఫారం చదివి వినిపించాడు: పేరు, ఊరు, ఏం కావాలి, ఎంత కావాలి.

"ఏం గావాలెనని అడిగిన సర్కారును ఇప్పటిదాక సూడలే," అంది భీమక్క. "రాయి నాయనా, జల్దీ. బోరు. ఒక్కటి సాలు."

కంటబడిన ఫారాన్ని నింపకుండా వదిలే అలవాటు ఆ ఊరికి లేదు. వరుస కట్టారు. పిచ్చయ్య పోడు భూమికి పట్టా అడిగాడు, మూడెకరాలు. నాంచారమ్మ తన అల్లుడికి పాల్వంచలో ఉద్యోగం అడిగింది.

"ఎంత అని రాయాలమ్మా?"

"పర్మినెంటు."

"ఆమెకెంత రాసినవో నాకు గూడ గంతే రాయి," అంది కన్నమ్మ. ఏళ్ళ తరబడి దరఖాస్తులు రాసిన మంగీలాల్ మారుమాట లేకుండా టైపు కొట్టాడు.

పుష్పలత తిరిగొచ్చేసరికి ఫారం లేదు. ఈ నెలకు ఫారాలు నిండిపోయాయన్న ముక్క ఒక్కటే తెర మీద ఉంది.

"ఏం జేసిండ్రు పెద్దమ్మా!"

"పాతిక మందిమి పెట్టినం. తక్కినోళ్ళు లొల్లి జేస్తున్నరు, ఇంకోటి తియ్యి."

పెద్ద ప్లానుకు మారాలంటే బ్యాంకు కార్డు కావాలి. అది ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. పంపిన ఫారాలను తుడిపేసే దారి ఉందేమోనని పుష్పలత వెతికింది, దొరకలేదు. అప్పుడే సంపత్ ఫోను.

"మేడం, పొద్దున తెరిచిన సైటు అప్పుడే నిండిందా! పాతిక ఆర్డర్లా! ఆ నలభై డబ్బాలు ఎవరికీ ఇయ్యకుండ్రి, రేపు నేనే వస్తున్న."

"అవి ఆర్డర్లు కాదు సార్..." అనేలోగా పెట్టేశాడు.

మరునాడు ఆమె ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. సంపత్ తేనె వేలితో తీసి నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకుని, ఆమె మాట పూర్తికాకముందే డబ్బాలన్నీ జీపులోకి ఎక్కించమన్నాడు.

జీపు కదలగానే భీమక్క అడిగింది. "తేనె పోయింది సరే. మా మంజూర్లెప్పుడొస్తయే?"

ఒకటో తారీకు నుంచి మళ్ళీ పాతిక దరఖాస్తులు తీసుకుంటారని మాత్రం పుష్పలత నిజాయితీగా చెప్పగలిగింది.