వలకు కిటికీ

సూరాడ ఎల్లాజీ రొయ్యల కోసం లాగిన వలలో ఆ ఉదయం నాలుగు వీధులవాళ్లు పడ్డారు. వారిలో అతని తల్లి పోలమ్మ కూడా ఉంది.

సముద్రంలో రొయ్య పలచబడ్డాక మరబోట్లు వలను ఊళ్లోకి కూడా లాగుతున్నాయి. ఇందులో తప్పేమీ లేదు. రొయ్య కానిదాన్ని వెంటనే నీళ్లలో వదిలేయాలన్నదొక్కటే నిబంధన. ఈత వచ్చినవాళ్లు మధ్యాహ్నానికల్లా ఒడ్డు చేరి, తడిబట్టలతోనే పనుల్లోకి వెళ్లిపోయేవారు. రానివాళ్ల కుటుంబాలకు చేపలశాఖ సానుభూతి తెలిపేది.

పోలమ్మకు ఈత రాదు. మిగతావాళ్లను వదిలేసి, తల్లిని ఐసుపెట్టె పక్కన కూర్చోబెట్టి రేవుకు తెచ్చాడు ఎల్లాజీ. అక్కడ ఇన్‌స్పెక్టరు ఆపాడు.

"ఇది రొయ్య కాదే?"

"మా అమ్మండి బాబూ."

"అదే. రొయ్య కాదు."

బోటు లైసెన్సు ఆపేశారు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. శాఖ దగ్గర కొత్తరకం వల ఉందని, దాని గొంతులో ఏటవాలుగా ఇనుప చువ్వలు, పైన ఒక కిటికీ ఉంటాయని చెప్పాడు. రొయ్యలు చువ్వల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, పెద్దవేవైనా చువ్వలకు తగిలి కిటికీలోంచి బయటపడతాయి. ఇంతవరకు తాబేళ్ల మీదే పరీక్షించారు; మనిషి మీదా పనిచేస్తే లైసెన్సు తిరిగి ఇస్తామన్నాడు.

బోటు యజమాని ఒప్పుకోలేదు. "కిటికీలోంచి రొయ్యలు పోతే ఎవరిత్తారు?"

"అయితే బోటు నువ్వే తోలుకో సావుకారూ," అన్నాడు ఎల్లాజీ. పదేళ్లుగా అతని ముందు కూర్చోవడానికే జంకిన మనిషి. యజమాని ఒప్పుకున్నాడు.

పరీక్షకు మనిషి కావాల్సి వచ్చింది. ఎవరూ ముందుకు రాకపోతే పోలమ్మే లేచింది. "నానెల్తాను. ఈతొచ్చినోల్లు ఎల్తే ఏటి తెలుస్తాది?"

వల వీధిలోంచి ఆమెను ఊడ్చుకుపోయింది. తాడు చుట్టుకుంటున్నంతసేపూ ఎల్లాజీ వల గొంతు వైపే చూశాడు. సంచి విప్పితే అన్నీ రొయ్యలే. తల్లి లేదు. ఆనందించాలో ఏడవాలో తెలియక బోటును ఒడ్డుకు తోలాడు.

పోలమ్మ ఇసుకలో కూర్చుని జుట్టులోంచి ఇసుక దులుపుకుంటోంది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. "నీళ్లలోకి దిగకముందే ఒగ్గీసిందిరా. మనింటి గుమ్మం కన్నా ఎడల్పుగా ఉందా కిటికీ," అంది. ఎల్లాజీ ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు.

ఇప్పుడు అన్ని బోట్లకూ కిటికీలున్నాయి. ఊరు ఊపిరి పీల్చుకుంది. జనం మోచేతులు దగ్గరకు ముడుచుకుని నడవడం నేర్చుకున్నారు. లావుపాటివాళ్లను కాస్త తగ్గమన్నారు, తగ్గుతున్నారు. బడిలో పిల్లలకు వల వచ్చినప్పుడు ఏ వైపుకు తిరగాలో నేర్పుతున్నారు.

ఒకరోజు అన్నం తింటూ ఎల్లాజీ అన్నాడు: "అమా, అసలు వల ఈదిలోకి రాకుండా ఉంటే?"

పోలమ్మ కంగారుగా తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఊరుకోరా. ఇన్నారంటే ఉన్న కిటికీ మూసేత్తారు."