పుట్టగొడుగు కుశలమేనా?

మీ ఆవిడ పొరుగూరు నుంచి ఫోన్ చేస్తే ముందు ఏమడుగుతుంది? తిన్నారా అని కదా! మా ఆవిడ ధనశ్రీ మాత్రం "పుట్టగొడుగు ఎలగుంది బావా?" అనేది.

ధనశ్రీ నా మేనమామ కూతురు. యూనివర్సిటీలో పుట్టగొడుగుల మీద పరిశోధన చేస్తోంది. కూర వండుకునేవి కాదండోయ్, మొద్దులకి అరల్లా పట్టి చెక్కలా గట్టిపడేవి. రంగూ, అంచూ, అడుగునుండే సూది రంధ్రాలూ చూసి ఏది ఏ జాతో ఇన్నాళ్ళూ తేల్చేవారట. డీఎన్ఏ కూడా చూడాలని, మా పెరట్లోదాని ముక్కొకటి కోసుకుని హైదరాబాదు ల్యాబుకి వెళ్ళింది. ఉక్కునగరం క్వార్టర్లో నేనూ, పెరట్లో పడున్న వేపమొద్దూ, దాని మీది పుట్టగొడుగూ మిగిలాం.

సెల్‌ఫోన్లు ఇంకా అందరికీ రాని రోజులు. డ్యూటీ దిగి వచ్చి, అలవాటు కొద్దీ రెండు కప్పుల టీ పెట్టేసి, రెండో కప్పు చూసి బెంగపడేవాణ్ణి. సాయంత్రం ఆ ఫోన్ మోగితేనే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు వచ్చేసరికి మొద్దు లేదు. పక్కింటి వరహాలమ్మత్త నీళ్ళ పొయ్యిలో పెట్టేసిందట. మొద్దు పోతే పోయింది, ఇక ఫోన్ రాదేమోనని నా భయం. ధనకి చెప్పొద్దని అత్త చేత ఒట్టు వేయించుకున్నాను.

"ఎలగుంది బావా?"

"నిగనిగలాడతంది. నిన్నటికంటే ఎదిగింది."

"అడుగున సూసావా?"

"వంగి మరీ సూసాను. నడుం పట్టీసింది."

మాటలు సాగాలని రోజూ దాన్ని పెంచుతూ పోయాను. పెంచి పెంచి చాటంత చేశాను.

"సాటంతా! అయితే ఇంకో ముక్క కోసి కొరియర్ సెయ్యి బావా."

మర్నాడు స్కూటరేసుకుని సబ్బవరం జీడితోటల్లో పడ్డాను. చీమలు కుట్టాయి. జీడిపిక్కల దొంగననుకుని కాపలావాడు తరిమాడు. చివరికి అచ్చం అలాంటిదే దొరికింది. అదే రంగు, అదే అంచు, అవే రంధ్రాలు. ముక్క కోసి ధైర్యంగా పంపించేశాను.

కొన్నాళ్ళకి ధన ఫోన్లో అంది. "బావా, పైకి మనదానిలాగే ఉంది గానీ డీఎన్ఏ సూస్తే వేరే జాతి. ఏ తోటలోది?"

మేనరికం కదా, మా ఇద్దరి డీఎన్ఏ దగ్గరిదే అయ్యుండాలి. తెలివంతా అటే ఎలా పోయిందో!

"సబ్బవరం," అన్నాను. "మొద్దు పోయింది ధనా. సెప్తే ఫోన్ మానీస్తావని..."

"నాకు తెల్సు. పొయ్యిలో ఎట్టిన్నాడే వరహాలమ్మత్త ఫోన్ సేసి సెప్పీసింది."

"మరి ముక్కెందుకడిగావ్?"

"ఎందాకా ఎల్తావో సూద్దామని."

"సరే, లేని పుట్టగొడుగు ఎలగుందని రోజూ ఫోనెందుకు సేసినట్టు?"



"నువ్వెలగున్నావని అడిగితే నాకు ఏడుపొచ్చీస్తాది బావా."

నా ఎదురుగా రెండో కప్పులో టీ చల్లారిపోయింది. ఆ పూట మాత్రం నేను పుట్టగొడుగుని పెంచలేదు.

"బాగా వాడిపోయింది ధనా," అన్నాను. "బేగొచ్చీ."