నీలం తువ్వాలు

భార్య పోయిన మగవాణ్ణి లోకం ఒంటరిగా వదలదు. ఆమె ఉన్నన్నాళ్లూ వాడు తిన్నాడో లేదో అడగని మనుషులు, ఆమె పోయాక వాడు ఊపిరి పీలుస్తున్నాడో లేదో చూడటానికి బయలుదేరతారు. ఇది ఫిట్టరు అభిప్రాయం కాదు. నాలుగేళ్లుగా జరుగుతున్న సంగతి.

ముప్పై అయిదేళ్లు అచ్చాపీసులో యంత్రాలు బాగుచేశాడు కాబట్టి రిటైరయ్యాక కూడా అందరికీ ఆయన ఫిట్టరే. ఆయన రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా పిట్టగోడ మీద నీలం తువ్వాలు ఆరెయ్యాలి. తడిదైనా సరే, పొడిదైనా సరే. అది కనబడితే ఆయన బతికున్నట్టు. ఎదురింటి నర్సమ్మ, ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో పనిచేసినావిడ, కిటికీలోంచి చూసి, నోటుబుక్కులో టిక్కు పెట్టి, ఆయన కూతురికి ఫోన్లో ఒక ముక్క చెబుతుంది. నర్సమ్మా కూతురూ కలిసి చేసుకున్న ఏర్పాటు అది. ఆయన్ని ఎవరూ అడగలేదు.

అప్పటికి రెండుసార్లు తప్పింది. ఒకసారి మరిచిపోయాడు. ఇంకోసారి వాన పడుతుంటే ఎందుకు తడపడమని ఊరుకున్నాడు. ఆ రెండోసారి కూతురు గట్టిగానే చెప్పింది.

"మూడోసారి తప్పితే వచ్చి తీసుకుపోతాను నాన్నా. నీకు గది కూడా ఖాళీ చేసి పెట్టాను."

ఆ గది అయిదో అంతస్తులో ఉంది. అక్కడ సుత్తి వాడకూడదు, కింది వాటావాళ్లు ఊరుకోరు. సుత్తి పనికిరాని చోట తాను ఎందుకు పనికొస్తాడో ఫిట్టరుకి అర్థం కాలేదు.

ఆ రోజు ఆయన పెట్టుకున్న పని చిన్నది. భార్య చేత్తో తిప్పే కుట్టుమిషను నాలుగేళ్లుగా బిగుసుకుపోయి ఉంది. సూది కింద ఆయన చొక్కా ఒకటి అలాగే ఉండిపోయింది, జేబు ఒక పక్క కుట్టి మిగతా పక్కలు వదిలేసి. పని సగంలో ఆపి లేచి వెళ్లిపోవడం ఆవిడకి ఎన్నడూ అలవాటు లేదు. ఆ ఒక్కసారే చేసింది. దాన్ని ఆయన ఇంకా క్షమించలేదు.

ఏడింటికి కూర్చున్నాడు. అరగంటలో నూనె వేసి లేద్దామనుకున్నాడు. మధ్యలో మోగుతుందని ఫోను దుప్పట్ల పెట్టెలో పడేసి మూత వేశాడు. ఊడదీసిన స్క్రూలు దొర్లిపోకుండా చేతికందిన గుడ్డ బల్ల మీద పరిచాడు. అది నీలం తువ్వాలు.

ఊడదీసిన వరసలో పేర్చడం, బిగించేటప్పుడు ఆ వరసలో వెనక్కి రావడం ఆయన పద్ధతి. గడియారం ఎనిమిది కొట్టినప్పుడు తువ్వాలు సంగతి గుర్తొచ్చింది కూడా. అప్పటికే దాని మీద పదిహేడు స్క్రూలు, రెండు స్ప్రింగులు బారులు తీరి ఉన్నాయి. కదిపితే ఏది ఎక్కడిదో దేవుడికి కూడా తెలియదు. ఇంకో అయిదు నిమిషాలు అనుకున్నాడు. అడుగున నల్లబడిన దారం ముద్దగా చుట్టుకుని ఉంది. దాన్ని పట్టకారుతో పోగు తరవాత పోగు లాగుతుంటే ఆయనకి వయసు లేదు, మోకాళ్లు లేవు, కూతురు లేదు. చెయ్యీ కన్నూ దారం కొసా, అంతే. గడియారం తరవాత ఎన్ని కొట్టిందో ఆయన ఎరగడు.

ఎదురింట్లో నర్సమ్మ "ఎనిమిదీ పది, తువ్వాలు లేదు" అని రాసుకుని వచ్చి తలుపు కొట్టింది. ఫిట్టరు ఆ టకటక మిషనులోదే అనుకుని ఇరుసులో ఒక బొట్టు నూనె వేశాడు. ఆమె గట్టిగా బాదింది. ఇంకో బొట్టు వేశాడు. ఆమె చెయ్యి నొప్పిపుట్టి ఆపింది. నూనె పని చేసిందని ఆయన తృప్తిపడ్డాడు.

నర్సమ్మ ఆయన కూతురికి ఫోన్ చేసింది. "తువ్వాలు లేదమ్మా. తలుపు తియ్యడం లేదు. నువ్వేం కంగారు పడకు, ముప్పై ఏళ్లలో నేను ఇలాంటివి ఎన్నో చూశాను."

కూతురు కంగారు పడటానికి ఆ చివరి ముక్క సరిపోయింది.

తరవాత నర్సమ్మ తాళాలు బాగుచేసే అతన్ని పిలిపించింది. అతను గుమ్మం ముందు చతికిలబడి, తాళం రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు.

"అమ్మా, ఇది కొన్న తాళం కాదండి. ఎవరో కూర్చుని చేతులతో చేసింది."

"ఎవరు చేస్తే మనకేంటయ్యా? పగలగొట్టు."

"దీన్ని పగలగొడితే నా చేతులు పడిపోతాయి. కాస్త మాట్లాడకుండా ఉండండి."

గంట గడిచింది. తలుపుకి ఇవతల ఒకడు, అవతల ఒకడు, ఇద్దరూ తలలు వంచుకుని ఒకే తీరుగా కూర్చున్నారు. మధ్యలో నర్సమ్మ ఒక్కతే ఈ లోకంలో ఉంది.

తొమ్మిదిన్నరకి కూతురు ఖాళీ సూట్‌కేసు పట్టుకుని ఆటో దిగింది. ఇల్లు చుట్టి వెనక్కి వెళ్లింది. దొడ్డి తలుపు బార్లా తీసే ఉంది.

ఆ సంగతి నర్సమ్మకి చెప్పి, ఆమెను లోపలికి రానిచ్చి, కుక్కలు దూరకుండా గడియ పెట్టింది. ఆపైన వీధి తలుపు లోపలి నుంచి తీసింది. తాళాలతను తల ఎత్తలేదు.

"వేసెయ్యండమ్మా. మీరు తీసేస్తే ఇంక నేను తీసేదేముంది?"

ఆమె మళ్లీ తాళం పడేలా వేసేసింది.

"నాన్నా," అంది. దగ్గరికెళ్లి "నాన్నా," అంది మళ్లీ.

"వెలుతురుకి అడ్డం రాకు," అన్నాడు ఫిట్టరు.

నర్సమ్మ ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. కుడి చేత్తో ఆయన స్క్రూ బిగిస్తూనే ఉన్నాడు. "డెబ్బై రెండు. నాకంటే బాగుంది," అందామె కొంచెం నిరాశగా.

"మూడోసారి నాన్నా," అంది కూతురు. "మాటంటే మాటే." సూట్‌కేసు తెరిచి ఆయన చొక్కాలు సర్దడం మొదలుపెట్టింది. "మీ అల్లుడికి చేరగానే ఫోన్ చేస్తానన్నాను. సర్దేశాక చేస్తా."

ఫిట్టరు ఆఖరి స్క్రూ బిగించి చక్రం తిప్పాడు. తిరిగింది. చొక్కా మీద రెండు కుట్లు పడ్డాయి, మూడోదానికి దారం తెగింది. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ తెగింది. అచ్చాపీసు యంత్రాల్ని ఆడించిన మనిషికి అరచేతంత మిషను లొంగలేదు.

అటు తిరిగి బట్టలు సర్దుతున్న కూతురు ఆ చప్పుడు విని ఆగింది.

"దారం పట్టే పై మర అంత బిగిస్తే తెగదా మరి? అమ్మ సగం చుట్టు వదులుగా ఉంచేది."

"మాటలు ఎవరైనా చెబుతారు."

"లే అవతలికి."

ఆమె కూర్చుంది. ఫిట్టరు పక్కకి జరిగి చక్రం పట్టుకున్నాడు. "ఒక్క పక్క కుట్టి చూపిస్తా," అంది. ఆయన తిప్పుతున్నాడు, ఆమె గుడ్డ నడుపుతోంది, నర్సమ్మ బల్ల మీది టార్చి పట్టుకుంది. పక్క కుట్టడం అయ్యింది. జేబు కింది అంచు మొదలైంది. కూతురి చేతిసంచిలో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. టార్చి కూడా కదల్లేదు.

ఊళ్లో అవతలి కొసనున్న అల్లుడు భార్యకి పదిహేనుసార్లు, మామగారికి ఆరుసార్లు, నర్సమ్మ ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. తరవాత అంబులెన్సు తీసుకుని తనే వచ్చాడు. గుమ్మం ముందు ఒక మనిషి తాళం రంధ్రానికి కన్ను ఆనించి కూర్చుని ఉన్నాడు.

"లోపల ఎవరున్నారు?"

"ముగ్గురండి. ఇందాక మాట్లాడుకున్నారు. గంట నుంచీ మాటల్లేవు. ఏదో టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు, అంతే."

అల్లుడు దొడ్డివైపు పరుగెత్తాడు. గడియ వేసి ఉంది. వంటగది పక్కనే కాబట్టి గ్యాసు లీకైందని తేల్చుకున్నాడు. ఊపిరాడక లోపల నుంచి ఎవరో గోడ కొడుతున్నారని కూడా తేల్చుకున్నాడు. వీధివైపు వచ్చి రెండు చేతులతో తలుపు బాదాడు.

"నాన్నా, ఏదో చప్పుడొస్తోంది. ఒక బొట్టు నూనె వెయ్యి," అంది కూతురు కళ్లెత్తకుండా.

ఫిట్టరుకి మాత్రం ఆ రోజు మొదటిసారి తలుపు చప్పుడు తలుపు చప్పుడుగానే వినబడింది. లేస్తే చక్రం ఆగిపోతుంది. చక్రం ఆగితే ఆమె చెయ్యి ఆగిపోతుంది. ఆ ఇంట్లో ఒకసారి ఆగింది చాలు. ఎడమ చేత్తో ఒక బొట్టు నూనె వేసి, కుడి చేత్తో తిప్పుతూనే ఉన్నాడు.

అంబులెన్సు మనుషులు భుజాలు ఆనించి తొయ్యబోతుంటే తాళంలో టక్కుమంది. తలుపు మెల్లగా తెరుచుకుంది.

"చూశారా," అన్నాడు తాళాలతను. చూసేవాళ్లు లేరు. స్ట్రెచరుతో సహా అందరూ అతన్ని దాటుకుని లోపలికి దూసుకొచ్చారు.

అల్లుడు రొప్పుతూ భార్య ముందు నిలబడ్డాడు. "పదిహేనుసార్లు చేశాను. పదిహేనుసార్లు. ఏమైపోయావు నువ్వు?"

"వెలుతురుకి అడ్డం రాకండి," అంది కూతురు.

అన్న తరవాత చెయ్యి ఆపింది. తండ్రి వైపు చూడలేదు.

ఫిట్టరు లేచాడు. బల్ల మీది తువ్వాలు దులిపి నాలుగు మడతలు పెట్టాడు. సూట్‌కేసులోంచి తన చొక్కాలు తీసేసి, దాని అడుగున ఆ తువ్వాలొక్కటే పెట్టి, మూత వేసి అల్లుడి చేతికిచ్చాడు.

"మా అమ్మాయిని రోజూ ఎనిమిదింటికల్లా మీ బాల్కనీలో ఆరెయ్యమనండి. కనబడకపోతే నేనొచ్చి తీసుకొచ్చేస్తాను. గది ఖాళీగానే ఉంది."

వాళ్లు వెళ్లాక సూది కింద నుంచి చొక్కా తీసి చూసుకున్నాడు. పని ధ్యాసలో కూతురు జేబుకి నాలుగు పక్కలా కుట్టేసింది, పై నోరుతో సహా. కుట్లు మాత్రం తల్లివే.

మర్నాటి నుంచీ బయటికెళితే ఆ చొక్కాయే వేసుకుంటున్నాడు. నర్సమ్మ ఒకసారి వీధిలో ఆపింది. "విప్పి ఇవ్వండి ఫిట్టరుగారూ, బ్లేడుతో రెండు నిమిషాల పని."

"ఆ రోజు సంగతి ఇంకోసారి నా దగ్గర ఎత్తకండి," అన్నాడు ఫిట్టరు.

జేబు లాగే ఆయన కూడా ఇంతవరకు నోరు విప్పలేదు.